మూడు వైపుల బ్రష్: ఆటిజం ఉన్న పిల్లల పళ్ళు తోమడానికి ఎంతవరకు పనికివస్తుంది?

ఒకే పిడికి మూడు వరుసల పోగులు అమర్చి, పన్నును లోపలి వైపు, బయటి వైపు, నమిలే వైపు ఒకేసారి తోమేలా తయారుచేసిన బ్రష్‌లు కొంతకాలంగా మన దేశంలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఆటిజం ఉన్న అయిదేళ్ళ మా అబ్బాయికి కొన్ని నెలలుగా ప్రతి రాత్రీ ఈ రకం బ్రష్‌తోనే పళ్ళు తోముతున్నాము. బ్రష్ కనబడగానే పెదవులు బిగించి, తల తిప్పుకుని, చేతులతో తోసేసి, చివరికి గుక్కపట్టి ఏడ్చే పిల్లలున్న ఇళ్ళలో దీనిని తప్పకుండా ప్రయత్నించి చూడాలని నా అభిప్రాయం. అయితే అమ్మేవారు రాసుకున్నట్లు ఇది పిల్లలకు పళ్ళు తోముకోవడం మీద ఇష్టాన్ని పుట్టించదు. వాళ్ళు భరించవలసిన సమయాన్ని తగ్గిస్తుంది, అంతే. ఆ ఒక్క మేలు ఎంత పెద్దదో రోజూ ఈ పనితో సతమతమయ్యే తల్లిదండ్రులకే తెలుస్తుంది కాబట్టి, వారిని దృష్టిలో పెట్టుకుని కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా సమస్య ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా ఏ బ్రష్ కొన్నా డబ్బు వృథా అవుతుంది. ఆటిజం ఉన్న పిల్లలలో చాలామందికి స్పర్శ, రుచి, వాసన, శబ్దం మనకు తెలిసిన మోతాదులో అందవు. కొందరికి అతిగా, కొందరికి చాలా తక్కువగా అందుతాయి. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించిన డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథంలో ఈ లక్షణాన్ని ఆటిజం నిర్ధారణ ప్రమాణాలలో ఒకటిగా చేర్చారు. పెదవులు, నాలుక శరీరంలో స్పర్శను అత్యంత సూక్ష్మంగా గుర్తించే భాగాలలో ఉన్నాయి. అలాంటి చోట సన్నని నైలాన్ పోగులు కదులుతుంటే, పేస్టులోని పుదీనా సత్తు చల్లదనాన్ని గుర్తించే నాడులను రెచ్చగొడుతుంటే, నురగ పొంగి గొంతు వైపు జారుతుంటే, టైల్స్ అతికించిన గదిలో నీళ్ళ చప్పుడు మార్మోగుతుంటే, ఇవన్నీ ఒకే క్షణంలో వచ్చి పడే పిల్లవాడు తోసేయడంలో ఆశ్చర్యం లేదు. దానిని మొండితనంగా, గారాబంగా లెక్కకట్టేవారు మన బంధువర్గంలో ఎక్కువ. "అయిదేళ్ళొచ్చాయి, ఇంకా ఇదేమిటమ్మా" అని అడిగే పెద్దవాళ్ళకు ఈ సంగతి ఓపికగా చెప్పవలసి వస్తుంది; చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు కూడా.

ఇక బ్రష్ విషయానికి వస్తాను. విదేశాలలో ఈ తరహా బ్రష్‌లు కొత్తవేమీ కావు. అమెరికాలో కొలిస్ కర్వ్, నార్వే నుంచి వచ్చిన డాక్టర్ బార్‌మన్స్ సూపర్‌బ్రష్ చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. తమంతట తాము తోముకోలేని వృద్ధులకు, వికలాంగులకు వేరొకరు పళ్ళు తోమవలసి వచ్చినప్పుడు ఇవి బాగా పనికివస్తాయి. మేము వాడుతున్నది ఇక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించిన మరొక తయారీ. పిల్లల సైజు, తల చిన్నది, పిడి లావుగా ఉండి పెద్దవాళ్ళ చేతికి పట్టు బాగా దొరుకుతుంది. పక్కనున్న రెండు వరుసల పోగులు పొడవుగా, లోపలికి వంగి ఉంటాయి. మధ్య వరుస పొట్టిగా ఉండి పన్ను పై భాగాన్ని తాకుతుంది. దీనిని పన్ను మీద ఎక్కించి కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపితే సరిపోతుంది. మామూలు బ్రష్‌ను చిగుళ్ళ అంచు దగ్గర ఏటవాలుగా పట్టుకోవాలి; ఆ వాలు ఇందులో తయారీలోనే వచ్చేసింది. కదులుతున్న పిల్లవాడి నోట్లో చేతి వాలు చూసుకోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ ఏర్పాటు ఎంత అవసరమో తెలుస్తుంది.

సమయం ఎలా తగ్గుతుందో లెక్క వేసి చూడవచ్చు. అయిదేళ్ళ పిల్లలకు ఇరవై పాలపళ్ళు ఉంటాయి. పై దవడ, కింది దవడ, కుడి, ఎడమ కలిపి దవడపళ్ళ చోట్లు నాలుగు. పైన, కింద ముందుపళ్ళ చోట్లు రెండు. మామూలు బ్రష్ అయితే దవడపళ్ళను ఒక్కోచోట మూడు వైపులా, ముందుపళ్ళను రెండు వైపులా తోమాలి కనుక మొత్తం పదహారుసార్లు బ్రష్‌ను తిప్పి కొత్తగా ఆనించాలి. పిల్లవాడు ఉలిక్కిపడేది బ్రష్ కదులుతున్నప్పటి కంటే అది ఒకచోటి నుంచి తీసి మరొకచోట పెట్టినప్పుడు. మూడు వైపుల బ్రష్‌తో ఆ పదహారు ఆరుకు తగ్గుతాయి. ఒక్కోచోట పది అంకెలు లెక్కపెడితే నిమిషం చుట్టుపక్కల పని అయిపోతుంది. పెద్దలకు చెప్పే రెండు నిమిషాల నియమం ఇలాంటి పిల్లవాడి విషయంలో ఆచరణలో నిలవదు. ఒక నిమిషం పాటు అన్ని పళ్ళకూ బ్రష్ తగలడం, రెండు నిమిషాలనుకుని ముందుపళ్ళ దగ్గరే ఆగిపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

లెక్కపెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎప్పుడు ముగుస్తుందో తెలియని బాధకు, ముగింపు తెలిసిన బాధకు చాలా తేడా ఉంది. మా అబ్బాయికి ఇంకా మాటలు పూర్తిగా రాలేదు, కానీ అంకెలంటే ఎంతో ఇష్టం. "పది దాకా లెక్కపెడతాను నాన్నా, పది రాగానే తీసేస్తాను" అని చెప్పి, పది రాగానే నిజంగా తీసేస్తాము. ఇంకొంచెం మిగిలింది కదా అని పదకొండు దాకా వెళ్ళము. ఆ మాట ఒక్కసారి తప్పితే అంకెల మీద నమ్మకం పోతుంది. ఆ తరువాత ఎన్ని బ్రష్‌లు మార్చినా ప్రయోజనం ఉండదు. ఆరు చోట్లకు ఆరు బొమ్మలు గీసిన అట్టముక్క ఒకటి అద్దం పక్కన పెట్టి, ఒక్కోటి అయ్యాక బోర్లించమని మా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడంలో శిక్షణ ఇచ్చే నిపుణులు) సూచించారు. అంకెలు పట్టని పిల్లలకు ఇసుక గడియారం గానీ, ఎప్పుడూ ఒకేచోట ముగిసే చిన్న పాట గానీ ఆ పని చేస్తుంది. మామూలు బ్రష్‌తో పదహారు బొమ్మల అట్ట పెడితే ఏ పిల్లవాడూ చూడడు. ఆరు కాబట్టే ఇది సాధ్యమైంది.

లోపాలు కూడా ఉన్నాయి. మేము మొదట తెప్పించిన బ్రష్‌లో పోగులు గట్టిగా ఉండి చిగుళ్ళకు గీసుకుపోయేటట్లు అనిపించాయి, ప్లాస్టిక్ అతుకు దగ్గర అంచు గరుగ్గా ఉంది. దానిని వాడకుండా పక్కన పెట్టి వేరే తయారీ కొన్నాము. అందుచేత చేతికి రాగానే మీ సొంత చిగుళ్ళ మీద ఒకసారి రుద్ది చూసి, పోగులను వేలితో గట్టిగా లాగి చూసిన తరువాతే పిల్లల నోట్లో పెట్టండి. తల మామూలు బ్రష్ కంటే మందంగా ఉంటుంది కనుక నోరు బాగా తెరవని పిల్లలకు చివరి దవడపన్ను దాకా అది వెళ్ళదు. చివరి పన్ను వెనక వైపు ఈ బ్రష్‌కు ఎలాగూ అందదు, దానికి చిన్న మామూలు బ్రష్ ఒకటి ఉంచుకోవలసిందే. లోపలి వరుస నాలుకకు తగిలి కొందరికి వాంతి వచ్చినట్లవుతుంది. పళ్ళు ఒకదాని మీదకు ఒకటి ఎక్కి ఉన్నచోట పోగులు సరిగా కూర్చోవు. మా అబ్బాయి దేనినైనా కొరుకుతాడు కనుక మూడు నెలలు నిలవవలసిన బ్రష్ నెల తిరగకుండానే పోగులు విచ్చుకుపోతోంది. ధర మామూలు పిల్లల బ్రష్ కంటే చాలా ఎక్కువ కాబట్టి ఈ ఖర్చును ముందే లెక్కలో పెట్టుకోవాలి. కొరికే అలవాటులో ఒక సౌకర్యం లేకపోలేదు: మామూలు బ్రష్‌ను కొరికితే పని ఆగిపోతుంది, దీనిని కొరికితే పోగులు పన్ను చుట్టూ మరింత దగ్గరగా కూర్చుంటాయి, ఆ స్థితిలోనే మెల్లగా కదపవచ్చు.

బ్రష్ ఎంత మంచిదైనా పేస్టు సరిపడకపోతే ఫలితం ఉండదు, కాబట్టి ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం కుదరదు. మార్కెట్లో పిల్లల పేస్టులంటే స్ట్రాబెర్రీ, బబుల్‌గమ్ రుచులే ఎక్కువ. రుచి అతిగా తెలిసే పిల్లవాడికి స్ట్రాబెర్రీ కూడా పుదీనా అంత భారమే. నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టు ఎంచుకోవడం మంచిది. నురగ లేకపోతే పేస్టు పని చేయదనుకోవడం అపోహ. బ్రిటన్‌లో ఒరానర్స్ అనే రుచీ నురగా లేని పేస్టు దొరుకుతుంది. అక్కడున్న బంధువుల చేత తెప్పించుకునే తెలుగువారు గమనించవలసిన సంగతి ఒకటుంది: దానిలో ఫ్లోరైడ్ 1450 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 1450 వంతులు), మన దేశపు నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో గరిష్ఠంగా ఉండదగినది 1000 పీపీఎం. ఉమ్మడం రాని చిన్న పిల్లలకు దానిని వాడే ముందు దంతవైద్యులను అడగండి.

ఫ్లోరైడ్ మాట వచ్చింది కనుక మన ప్రాంతం సంగతి కూడా చెప్పుకోవాలి. నల్గొండలోనూ, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి, దర్శి వైపునూ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన మనుషులను చూసిన కుటుంబాలకు పేస్టులోని ఫ్లోరైడ్ అంటే భయం ఉండటం సహజం. మా ఇంట్లోనూ ఆ చర్చ జరిగింది. కానీ మోతాదు చూడాలి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలునని పిల్లల దంతవైద్యులు చెబుతారు. 1000 పీపీఎం పేస్టులో బియ్యపు గింజంత అంటే ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము, బఠాణీ గింజంత అంటే సుమారు 0.25 మిల్లీగ్రాము. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. అంతకు రెట్టింపు ఉన్న బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది. ఉమ్మడం రాని పిల్లవాడు బియ్యపు గింజంత పేస్టు మింగినా అది ఈ లెక్కలో చాలా చిన్న భాగం. అసలు ఫ్లోరైడ్ లేని పేస్టు వాడితే పాచి పోతుంది గానీ పన్ను పుచ్చకుండా కాపాడే బలం అందదు. పాలపళ్ళ మీది ఎనామిల్ పొర శాశ్వత దంతాల పొర కంటే పలచన కాబట్టి పుచ్చు త్వరగా లోపలికి పాకుతుంది. ఇంట్లో బోరు నీళ్ళు తాగేవారు ముందు ఆ నీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితం చూపించి వైద్యులను అడగడం మంచిది.

బ్రష్ ఇంటికి వచ్చిన రోజే నోట్లో పెట్టే ప్రయత్నం చేయవద్దు. మేము మొదట దానిని ఆటవస్తువుల బుట్టలో పడేశాము. తరువాత అరచేతి మీద, మోచేతి మీద, చెంప మీద ఆనించడం, ఆపైన పెదవుల మీద, చాలా రోజుల తరువాత ముందుపళ్ళ మీద; పేస్టు లేకుండా, ఉత్త నీళ్ళతో. పేస్టు వాసన తగిలించింది బ్రష్‌కు పూర్తిగా అలవాటు పడ్డాకనే. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, స్పర్శ భరించలేని పిల్లలకు మెల్లగా తాకడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. జాలిపడి సుతారంగా తాకితే చక్కిలిగింతకూ చిరాకుకూ మధ్య ఏదో అయి మరింత తోసేస్తారు. తోమే ముందు బుగ్గలను, దవడలను అరచేతులతో నిదానంగా, స్థిరంగా ఒత్తి, తరువాత బ్రష్‌ను వెనకాడకుండా ఆనిస్తే మా వాడు బాగా భరిస్తున్నాడు. అందరు పిల్లలకూ ఇదే నప్పుతుందని కాదు. అందుకే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఒకసారి చూసి చెప్పడం అవసరం. హైదరాబాద్‌లో ఉన్నవారు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) వంటి ప్రభుత్వ సంస్థలో కూడా సలహా తీసుకోవచ్చు.

చోటు కూడా మార్చాము. స్నానాలగదిలో కాకుండా హాల్లో సోఫా మీద, నేను వెనక కూర్చుని వాడి తలను నా గుండెకు ఆనించుకుని, ఎదురుగా చేతి అద్దం పెట్టుకుని తోముతాము. తల వెనక ఆసరా ఉంటే పిల్లవాడు వెనక్కి జరగడు, నా చేయి నిలకడగా ఉంటుంది. నీళ్ళతో పుక్కిలించవలసిన అవసరం లేదు; మిగిలిన పేస్టును గుడ్డతో తుడిస్తే చాలు, ఆ కాస్త ఫ్లోరైడ్ పళ్ళ మీద నిలవడమే మంచిది. పొద్దున బడి హడావుడిలో కుదరకపోయినా రాత్రి మాత్రం మానము, ఎందుకంటే నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోయి పళ్ళకు ఉన్న సహజ రక్షణ తక్కువవుతుంది.

చేతులూ కాళ్ళూ ఇద్దరు పట్టుకుని, ఒకరు నోరు తెరిచి తోమే పద్ధతి మన ఇళ్ళలో ఉంది. దానిని నేను సమర్థించలేను. ఆ రోజుకు పళ్ళు శుభ్రపడతాయేమో గానీ, మరుసటి రోజు బ్రష్ చూడగానే పిల్లవాడు వణికిపోతాడు. ఆ భయం దంతవైద్యుల కుర్చీ దాకా, మంగలి కత్తెర దాకా పాకుతుంది. అలాగని ఏడుస్తున్నాడని పూర్తిగా మానేస్తే, పుచ్చిన పళ్ళన్నిటికీ ఒకేసారి ఆపరేషన్ థియేటర్లో మత్తుమందు ఇచ్చి చికిత్స చేయవలసిన పరిస్థితి రావచ్చు. నొప్పి ఉందని చెప్పలేని పిల్లలు తిండి మానేసి, తల గోడకు కొట్టుకుని, చెవి పట్టుకుని తమ బాధను చూపిస్తారు. దానిని ప్రవర్తన సమస్యగా పొరబడే ముందు ఒకసారి నోరు చూడమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

ఇదే అవసరానికి అమ్మే మిగిలిన వస్తువుల గురించి రెండు మాటలు. వేలికి తొడిగే సిలికాన్ బ్రష్ అలవాటు చేయడానికి బాగుంటుంది కానీ పళ్ళన్నీ వచ్చిన పిల్లవాడు కొరికితే వేలికి గాయమవుతుంది, పాచి కూడా సరిగా పోదు. కరెంటు బ్రష్ వణుకు కొందరు పిల్లలకు ఎంతో నచ్చుతుంది, కొందరు ఆ చప్పుడుకే చెవులు మూసుకుంటారు. కొనే ముందు ఎవరిదైనా ఆపి ఉన్న బ్రష్ చేతికిచ్చి, తరువాత ఆన్ చేసి చూపించండి. కొద్ది సెకన్లలో నోరంతా శుభ్రం చేస్తామని ప్రకటించే యు ఆకారపు బ్రష్‌ను మాత్రం నేను సూచించను. దంతాల వరుస ఏ ఇద్దరు పిల్లలకూ ఒకేలా ఉండదు, మెత్తని సిలికాన్ మొనలు చిగుళ్ళ అంచును చేరవు, పైగా నోరంతా ఒక్కసారిగా నింపేసే వస్తువును ఇలాంటి పిల్లవాడు భరించడం చాలా కష్టం.

పళ్ళు పుచ్చడానికి బ్రష్‌కు అందని కారణాలు కొన్ని ఉన్నాయి. థెరపీలో మాట విన్నందుకు ఇచ్చే చాక్లెట్ ముక్కలు, రాత్రి పడుకునే ముందు తాగించే తియ్యని సిరప్‌లు, గంటల తరబడి బుగ్గన పెట్టుకునే అన్నం ముద్ద, ఇవి పళ్ళను పాడు చేస్తూనే ఉంటాయి. సిరప్ తాగించాక తోమేలా వేళ మార్చుకోవాలి, లేదా మాత్ర రూపంలో ఇవ్వడం కుదురుతుందేమో వైద్యులను అడగాలి. బహుమతిగా తినేవాటికి బదులు మా వాడికి అంకెల బిళ్ళలు ఇమ్మని థెరపీ కేంద్రం వారిని కోరాము, వారు వెంటనే ఒప్పుకున్నారు. పళ్ళు ఇప్పటికే పుచ్చి ఉంటే బ్రష్ తగిలినప్పుడల్లా నొప్పి పుడుతుంది కనుక ముందు చికిత్స చేయించి తరువాతే ఈ అలవాటు మొదలుపెట్టాలి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో పిల్లల దంతవైద్య విభాగాలు ఉన్నాయి.

కొనదలచినవారు అట్ట మీద రాసిన వయసు కంటే బ్రష్ తల కొలత చూడండి. మీ పిల్లవాడి చివరి దవడపన్ను కంటే తల మరీ వెడల్పుగా ఉండకూడదు. పోగులు మెత్తనివని స్పష్టంగా రాసి ఉండాలి. మొదట ఒక్కటే తెప్పించి చూసి, నప్పితే అదే రంగులో నాలుగైదు ఒకేసారి కొని పెట్టుకోండి, ఎందుకంటే రంగు మారినా వద్దనే పిల్లలు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు. ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళ వెనక మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అది సగం మాత్రమే పైకి వచ్చి ఉన్న నెలల్లో మూడు వైపుల బ్రష్ దాని మీద సరిగా కూర్చోదు కనుక ఆ ఒక్క పన్నునూ చిన్న మామూలు బ్రష్‌తో అడ్డంగా తోమి, పన్ను పూర్తిగా వచ్చాక పెద్ద సైజుకు మారాలి.